చేతికందే కథ: వీడియో గేములు కథ చెప్పే తీరు

2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే ఆ హెచ్చరిక జారీ చేస్తారు. కోనసీమ లంకల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వరద తీశాక అలాంటి ఒక ఇంట్లోకి కొత్త మనిషి అడుగుపెట్టాడనుకుందాం. లోపల ఎవరూ లేరు. గోడ మీద నడుమెత్తున బురద చార ఉంది. మంచం కోళ్ల కింద రెండేసి ఇటుకలున్నాయి. రెండు ఇటుకలెత్తు సరిపోతుందని ముందు అనుకున్నారన్నమాట. అటక మీద బియ్యం బస్తా, దాని పక్కనే పిల్లల స్కూలు బ్యాగు. ఇటుకలు చాలవని తేలిన క్షణంలో ఆ ఇంటివాళ్లకి ముఖ్యమనిపించినవి అవి. దేవుడి గూటి పైన మేకు ఒక్కటే మిగిలింది, పటం లేదు. పటం వాళ్లతోపాటే పడవెక్కింది. ఎవరూ నోరు విప్పలేదు, అయినా ఆ రాత్రి ఏం జరిగిందో అంతా తెలిసిపోయింది.

గేములు చేసేవాళ్లు కథ చెప్పడానికి వాడే పద్ధతుల్లో బాగా బలమైనది ఇదే. గదిని అమర్చి, తలుపు తీసి, పక్కకి తప్పుకుంటారు. జపాన్ కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2011లో తెచ్చిన డార్క్ సోల్స్‌లో మొదట్లో వచ్చే చిన్న ఉపోద్ఘాతం తప్ప, ఆ రాజ్యం ఎలా కూలిందో వరసగా చెప్పేవాళ్లు లేరు. కూలిన గోడలు, ఖాళీ సింహాసనాలు, దొరికిన ఉంగరం కింద రెండు వాక్యాలు, అంతే. మిగతాది ఆడేవాళ్లు అతికించుకోవాలి. అతికించుకున్నది కాబట్టే అది వాళ్ల మనసులో నిలుస్తుంది. గేమ్ డిజైనర్‌ని కథకుడిగా కంటే చోటును కట్టే ఆర్కిటెక్ట్‌గా చూడాలని హెన్రీ జెన్‌కిన్స్ అనే అమెరికన్ పరిశోధకుడు 2004లో ఒక వ్యాసంలో వాదించాడు. లంకలోని ఆ గదిని చూస్తే ఆ మాట వెంటనే అర్థమవుతుంది.

అయితే గది చూడటం ఒక్కటే అయితే మ్యూజియం కూడా చాలు. గేముకి మాత్రమే ఉన్న బలం ఇంకొకటుంది. అది తెలియాలంటే కాకినాడ దగ్గర మాధవపట్నం తోలుబొమ్మలాట దాకా వెళ్లాలి. తెర ఇవతల జనం, అవతల ఆడించేవాళ్లు. బొమ్మ కర్ర వాళ్ల చేతిలో ఉంటుంది. రామాయణం అందరికీ తెలిసిందే అయినా హనుమంతుడు ఎప్పుడు ఎగురుతాడో, కేతిగాడు బంగారక్కతో ఎంతసేపు తగువాడతాడో తేల్చేది అవతలివాళ్లే. ఇప్పుడు జనంలోంచి ఒకడిని లేపి, తెర వెనక్కి తీసుకెళ్లి, ఆ కర్ర అతని చేతికిచ్చేస్తే? అదే వీడియో గేమ్.

మరి కర్ర ఇచ్చేశాక కథకుడికి ఏం మిగిలింది? బొమ్మ మిగిలింది. తోలు కత్తిరించేటప్పుడు మోచేతి దగ్గర అతుకు వేస్తే చెయ్యి మడుచుకుంటుంది. వెయ్యకపోతే కర్ర ఎవరి చేతిలో ఉన్నా మడుచుకోదు. గేమ్ రచయిత కథ రాసేది ఆ కీళ్లలోనే. ఆడేవాళ్లు ఏం చేయగలరు, ఏం చేయలేరు, నిన్నటిదాకా చేయగలిగింది ఇవాళ ఎందుకు చేయలేకపోతున్నారు. మాటలు, సంగీతం, నటీనటుల గొంతులు ఆ తర్వాతే.

దీన్ని ఇంతకంటే బాగా చూపించిన గేమ్ దొరకడం కష్టం: 2013లో వచ్చిన బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్. స్వీడన్‌లో తయారైంది. దర్శకుడు జోసెఫ్ ఫారెస్ అంతకుముందు సినిమాలు తీసినవాడు. తండ్రికి జబ్బు. మందు తేవడానికి అన్నాతమ్ముడూ బయల్దేరతారు. రెండు చేతులతో పట్టుకుని ఆడే కంట్రోలర్‌లో స్టిక్ అనే చిన్న మీటలు రెండుంటాయి. ఎడమ స్టిక్‌తో అన్న, కుడి స్టిక్‌తో తమ్ముడు నడుస్తారు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క బటన్. పాత్రలు మాట్లాడేది లోకంలో లేని కల్పిత భాష, కాబట్టి ఇంగ్లీషు రాదన్న బెంగ ఎవరికీ అక్కర్లేదు. మొదటి అరగంట చేతులు తికమకపడతాయి. అన్నని కుడికి తిప్పబోతే తమ్ముడు గోడకి గుద్దుకుంటాడు. మెల్లగా ఎడమ చెయ్యి అన్న అయిపోతుంది, కుడి చెయ్యి తమ్ముడైపోతుంది.

వాళ్ల అమ్మ నీళ్లలో మునిగి చనిపోయింది. అందుకే తమ్ముడికి నీళ్లంటే భయం, ఈత రాదు. నది అడ్డొచ్చినప్పుడల్లా అన్న ఈదుతుంటే అతని వీపు పట్టుకుని దాటుతాడు. గోదారి పాయల మధ్య పెరిగినవాళ్లకి ఈ దృశ్యం కొత్తది కాదు. ఈత వచ్చిన అన్న భుజం పట్టుకుని కాలవ దాటిన తమ్ముళ్లు ప్రతి లంకలోనూ ఉంటారు. కథ చివర్లో అన్న చనిపోతాడు. తమ్ముడే గొయ్యిలోకి అతన్ని చేర్చి మట్టి కప్పాలి, ఆ పని ఆడేవాళ్ల చేత్తోనే చేయిస్తారు. అప్పటినుంచి ఎడమ స్టిక్ కదిపినా తెర మీద ఏమీ కదలదు. ఎడమ చెయ్యి ఖాళీ. అన్న లేడని ఏ పాత్రా చెప్పక్కర్లేదు, ఆ చేతికి తెలుస్తోంది.

ఇంటి దారిలో నది అడ్డొస్తుంది. తమ్ముడు ఒడ్డున ఆగిపోతాడు. కుడి బటన్ ఎంత నొక్కినా నీళ్లలోకి దిగడు. ఏం చేయాలో గేమ్ చెప్పదు. కాసేపు తడబడ్డాక, ఇన్నాళ్ల అలవాటు కొద్దీ వేలు అన్న బటన్ మీదికి వెళ్తుంది. నొక్కితే తమ్ముడు దిగి ఈదుతాడు. ఇదే ఘట్టాన్ని సినిమాలో తీస్తే అన్న రూపం పొగలా కనిపించి ధైర్యం చెప్పాల్సి వచ్చేది. ఇక్కడ ఒక్క మాట లేదు, ఒక్క బటన్ ఉంది. ఆడుతున్న మనిషి వేలే అన్నగా మారి తమ్ముడిని నది దాటించింది. వీడియో గేముల్లో కథ ఉంటుందా అని అడిగేవాళ్లకి ఈ అర నిమిషం చూపిస్తే చాలదు, ఆడించాలి.

రూలే కథ చెప్పడం మనకి కొత్త సంగతి కాదు. వైకుంఠపాళి అదే కదా. నిచ్చెన ఎక్కితే పుణ్యం, పాము మింగితే పాపఫలం. పరమపదానికి కాస్త దూరంలో పెద్ద పాము నోట్లో పడి కిందకి జారిన పిల్లకి, పాపం మనిషిని ఎక్కణ్నుంచి ఎక్కడికి దించుతుందో వేరే చెప్పక్కర్లేదు. పటం మీద రాసిన పేర్లు తీసేసినా ఆ జారుడు జారుడే.

లూకస్ పోప్ 2013లో చేసిన పేపర్స్, ప్లీజ్‌ది అదే దారి. ఒక నియంతృత్వ దేశం సరిహద్దులో పాస్‌పోర్టులు చూసే గుమస్తా ఉద్యోగం. ఎంతమందిని చూసి పంపితే అంత జీతం. సాయంత్రానికి ఇంటద్దె, తిండి, చలికి వెచ్చదనం, జబ్బుపడ్డవాళ్లకి మందులు, అన్నీ దాంట్లోంచే. ఒకరోజు ఒక భర్త సరైన కాగితాలతో దాటతాడు. వెనకే వచ్చిన భార్య దగ్గర ఒక కాగితం తక్కువ. పంపిస్తే తప్పు. రోజుకి మొదటి రెండు తప్పులకి హెచ్చరికతో వదిలేస్తారు, మూడో దానినుంచి జీతం కోస్తారు. ఈ ఒక్క లెక్క వల్ల దయ కూడా ఖర్చుపెట్టాల్సిన వస్తువైపోయింది. ఈ రోజు రెండు దయలు చేయగలను, ఇప్పటికే ఒకటి చేశాను, ఇంకొకటి ఈమెకివ్వనా, దాచుకోనా? ఉపన్యాసాలతో అవని పని ఆ కోత చేస్తుంది.

కీళ్లు ఒక కథ చెబుతూ మాటలు ఇంకో కథ చెబితే చిక్కొస్తుంది. కట్‌సీన్‌లో, అంటే ఆట ఆపి సినిమాలా చూపించే ముక్కలో, హీరో చాలా మంచివాడు, స్నేహితుడు పోతే కుమిలిపోతాడు. కట్‌సీన్ అయిపోగానే అదే హీరో పది నిమిషాల్లో నూటయాభై మందిని కాల్చేసి ఈల వేసుకుంటూ వెళ్తాడు. 2007లో క్లింట్ హాకింగ్ అనే గేమ్ డిజైనర్ బయోషాక్ గురించి రాస్తూ, ఆట నేర్పేదానికీ కథ చెప్పేదానికీ పొంతన కుదరకపోవడాన్ని ఎత్తిచూపాడు. ఇప్పటికీ పెద్ద బడ్జెట్ గేముల్లో చాలావాటికి ఇదే జబ్బు. కోట్లు పోసి తీసిన కట్‌సీన్లు చూస్తుంటే కర్ర మళ్లీ లాక్కుని తెర ముందుకి తోసేసినట్టే ఉంటుంది.

గేములో పాత్ర చనిపోయి మళ్లీ లేవడం కూడా అలాంటి చిక్కే. కానీ పద్య నాటకాలు చూసి పెరిగిన జనానికి అది అంత ఎబ్బెట్టుగా ఉండదు. కాటి సీన్లో హరిశ్చంద్రుడి పద్యానికి వన్స్ మోర్ పడితే కథ అక్కడే ఆగి, పద్యం మళ్లీ మొదలై, ఆ తర్వాత దుఃఖం ఆగిన చోటునుంచే సాగుతుంది. గేములో ఆటని ఒకచోట దాచుకునే సేవ్, అక్కణ్నుంచే మళ్లీ మొదలెట్టే రీలోడ్ కూడా వన్స్ మోర్ లాంటివే. టోబీ ఫాక్స్ 2015లో చేసిన అండర్‌టేల్ మాత్రం ఆ మర్యాదని తిరగేసింది. మొదట్లో తల్లిలా చూసుకున్న పాత్రని పొరపాటునో కావాలనో చంపేసి, బాధపడి, వెనక్కి రీలోడ్ చేసి ఆమెని బతికించుకుంటే, ఆ తర్వాత ఎదురయ్యే ఇంకో పాత్ర నువ్వు ముందొకసారి ఆమెని చంపావని ముఖం మీదే అంటుంది. మిగతా గేములు చూసీ చూడనట్టు వదిలేసేదాన్ని ఇది గుర్తుపెట్టుకుంది.

రెండు చేతుల సంగతి ఇంకొకటుంది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో తలలు తీసే పనికి వెళ్లే ఆడవాళ్లని అడిగితే, ఆ పని చూపుతో చేసేది కాదని చెబుతారు. ఎడమ చేతిలో రొయ్య, కుడి చేత్తో ఒక తిప్పు, తల ఒక గిన్నెలోకి, ఒళ్లు ఇంకో గిన్నెలోకి. మంచు నీళ్లకి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. మొదటి వారం చెయ్యి మీదే మనసుంటుంది. తర్వాత చెయ్యి తనపని తాను చేసుకుపోతుంటే, మనసు కూతురి ఫీజు దగ్గరికో పుట్టింటికో వెళ్లిపోతుంది.

2017లో జయంట్ స్పారో అనే స్టూడియో తెచ్చిన వాట్ రిమైన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్‌లో లూయిస్ అనే కుర్రాడిది సరిగ్గా ఈ పరిస్థితే. చేపలు డబ్బాల్లో పట్టే ఫ్యాక్టరీలో పని. ఆడేవాళ్లు కుడి స్టిక్‌తో చేపని లాగాలి, కత్తి కింద పెట్టాలి, తల తెగ్గానే బెల్టు మీదికి తోయాలి. చేప, కత్తి, బెల్టు. మళ్లీ చేప. ఈలోగా తెరలో ఒక మూల లూయిస్ పగటికల మొదలవుతుంది. చిన్న దారి, దాంట్లో బొమ్మంత మనిషి. అతన్ని ఎడమ స్టిక్‌తో నడిపించాలి. దారి ఊరవుతుంది, ఊరు రాజ్యమవుతుంది, తెర అంతా ఆక్రమిస్తుంది. కుడి చెయ్యి మాత్రం ఆగకూడదు. కాసేపటికి ఆడుతున్న మనిషి ఒక విషయం గమనిస్తాడు: చేపలు కోస్తున్నానన్న సంగతే తను మర్చిపోయాడు, చెయ్యి దానంతటదే కోస్తోంది. లూయిస్ ఎందుకలా అయిపోయాడో అప్పుడు అర్థమవుతుంది. చివరికి కలలో పట్టాభిషేకానికి తలవంచే క్షణం వస్తుంది. వంచేది ఆడేవాళ్ల చెయ్యే. కత్తి ఎక్కడుందో ఆ చేతికి ముందే తెలుసు.

ఇక జనం ఎక్కువగా మాట్లాడే విషయం: ఎంపికలు. నీ నిర్ణయమే కథని మారుస్తుందని చాలా గేముల పెట్టెల మీద రాస్తారు. లెక్క వేస్తే ఆ మాటలోని ఇబ్బంది తేలిపోతుంది. ఒక కథలో పది చోట్ల రెండేసి దారులు పెట్టి, ఏ దారినీ మళ్లీ కలపకుండా వదిలితే చివరికి 1,024 ముగింపులు రాయాలి. ఎవరివల్లా కాదు.

డెల్టాలో నీళ్లు రెండు రకాలుగా పారతాయి. నది పాయలు ఒక రకం. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ విడిపోతాయి. వసిష్ఠలోంచి వైనతేయ చీలుతుంది. చీలిన పాయ మళ్లీ కలవదు, దేని సముద్రం దానిదే. రెండోది కాలవల రకం. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయ్యాక పెరుగుతూ వచ్చిన పంట కాలవలు, బోదెలు చీలి చీలి చేలలోకి పోతాయి. చేలు తడిపాక మిగిలిన నీళ్లు మురుగు కాలవల్లోకి చేరి మళ్లీ ఒకటవుతాయి. ఎంపికలున్న గేములు దాదాపు అన్నీ ఈ రెండో రకమే. టెల్‌టేల్ అనే కంపెనీ 2012లో తెచ్చిన ది వాకింగ్ డెడ్ మొదటి భాగంలో డగ్, కార్లీ అనే ఇద్దరిలో ఒకరినే కాపాడగలం. ఎవరిని కాపాడినా ఆ మనిషి మూడో భాగంలో చనిపోతారు. దారులు కలిసిపోయాయి. ఇది తెలిశాక చాలామంది మోసపోయామన్నారు.

ఆ కోపంలో న్యాయం సగమే. మురుగు కాలవలో కలిసిన నీళ్లు ఒకటే కావచ్చు, కానీ ఒకటి వరి చేలోంచి వచ్చింది, ఒకటి చేపల చెరువులోంచి వచ్చింది, రంగు వేరు. కాపాడిన మనిషితో రెండు భాగాలపాటు గడిపిన సాయంత్రాలు, ఎందుకు ఆ చెయ్యే పట్టుకున్నానన్న ప్రశ్న, ఇవి ఆడిన మనిషిలో మిగిలిపోతాయి. మంచి గేమ్ ఎంపిక ఫలితాన్ని దాచినా దాచకపోయినా, ఎంపిక చేసేటప్పటి టెన్షన్‌ని మాత్రం నిజం చేయాలి. అదీ లేకపోతే కోపం పూర్తిగా న్యాయమే.

రచయిత ఏ కథా రాయని గేముల్లో కూడా కథ పుడుతుంది. సాయంత్రం అమలాపురం వైపు ఏ కాలవ గట్టు మీద చూసినా నలుగురు కుర్రాళ్లు ఫోన్లు అడ్డంగా పట్టుకుని కూర్చుని ఉంటారు. వాళ్లు ఆడే బీజీఎంఐ, అంటే బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా, 2021లో వచ్చింది. అంతకుముందు ఏడాది సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్ నిషేధమైన చోట దీన్ని తెచ్చారు. అందులో ఎవరి పాత్రకీ చెప్పుకోదగ్గ గతం లేదు. వందమంది దిగుతారు, జోన్ కుంచించుకుపోతుంది, చివరికి ఒక జట్టు మిగులుతుంది. మ్యాచ్ అయిపోయాక ఫోన్లు పక్కన పెట్టి మొదలెట్టే ముచ్చట వినాలి. “ఒరేయ్, నేను బ్యాండేజ్ కట్టుకుంటుంటే గడ్డిలోంచి లేచాడ్రా!” అని ఒకడు లేచి నిలబడి చూపిస్తాడు. రెండోవాడు అలా జరగలేదంటాడు. మూడోవాడు దాన్ని ఇంకొంచెం పెంచుతాడు. కుంచించుకుపోయే ఆ జోనే అసలు రచయిత. పారిపోతూ దాక్కునే వందమందిని ఒకరి మీదికి ఒకరిని తోసి, ఇరవై నిమిషాల్లో ఎత్తుగడ, సంక్షోభం, ముగింపు వచ్చేలా చేస్తుంది. మాటలు గట్టు మీద పుడతాయి.

భాష సంగతి మాట్లాడకుండా ఇక్కడి గేమర్ల గురించి రాయడం కుదరదు. 2000ల నడుమ నెట్ సెంటర్లలో గంట లెక్కన జీటీఏ: వైస్ సిటీ అనే గేమ్ ఆడిన పిల్లల్లో చాలామందికి ఆ ఇంగ్లీషు సంభాషణలు అందలేదు. కట్‌సీన్ రాగానే స్కిప్. హీరోకి ఎవరి మీద పగ, ఆ సూట్‌కేసులో ఏముంది, ఇవన్నీ సొంతంగా అల్లుకున్నారు. పక్క సీట్లో అన్నయ్య చెప్పిందే ప్రమాణం. డార్క్ సోల్స్ దర్శకుడు హిదెతాక మియజాకి చిన్నప్పుడు తన స్థాయికి మించిన ఇంగ్లీషు ఫాంటసీ పుస్తకాలు చదువుతూ, అర్థం కాని చోట్లని ఊహతో నింపుకునేవాడట. ఆ ఖాళీలే తర్వాత అతని గేముల పద్ధతి అయ్యాయి. నెట్ సెంటర్ పిల్లలు చేసిందీ అదే పని. తేడా ఏమిటంటే, మియజాకి ఆ ఖాళీలని కావాలని వదిలాడు. మన పిల్లలకి భాష లేక అవి మిగిలాయి. ఊహ పెరిగిందని సంతోషించి ఊరుకోలేం. చేతికి కర్ర ఇచ్చి చెవులు మూసినట్టయింది.

టొరంటోలో ఒక చిన్న జట్టు 2023లో తెచ్చిన వెన్బా అనే గేమ్ ఇక్కడ చూడదగ్గది. కెనడా వెళ్లిన తమిళ కుటుంబం కథ. తల్లి దగ్గర ఆమె అమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం ఉంటుంది, చిరిగి, మరకలు పడి. చెరిగిపోయిన మెట్లేవో ఆడేవాళ్లు కనిపెట్టాలి. మొదటి వంటకం ఇడ్లీ. రేకులు ఎలా పేర్చాలన్నదే చిక్కుముడి. ఒక రేకు గుంటల మీద ఇంకో రేకు గుంటలు నేరుగా పడితే ఆవిరి సరిగ్గా అందదు, కాస్త తిప్పి పేర్చాలి. తెలుగింట్లో ఈ సంగతి తెలియనివాళ్లు తక్కువ. అయినా దాన్ని గేములో చేతికిస్తే, అది వంట చిట్కాగా ఆగదు. అమ్మ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నది, పుస్తకంలో చెరిగినా చేతిలో మిగిలినది అని తెలుస్తుంది.

గోదావరి మీద గేమ్ రావాలంటే పాత పురాణాన్ని తెచ్చి కత్తియుద్ధాలు అతికించాలని చాలామంది అనుకుంటారు. అది వద్దని కాదు, కానీ అంతకంటే దగ్గర్లో ఎన్నో చేతులున్నాయి. ఆత్రేయపురంలో పూతరేకు తీసే చెయ్యి ఒకటి. పొయ్యి మీద కుండ బోర్లించి ఉంటుంది. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కుండ మీద పరిచి ఒక్క లాగు లాగుతారు. గుడ్డ వెళ్లిన దారిలో కాగితం కంటే పల్చటి పొర మిగిలి క్షణంలో ఆరుతుంది. దాన్ని అంచు పట్టుకుని లేపాలి. మంట తగ్గితే లేవదు, ఎక్కువైతే పెళుసెక్కి విరుగుతుంది. ఒక స్టిక్‌కి మంట, ఒక స్టిక్‌కి గుడ్డ. హైదరాబాదు నుంచి వచ్చిన మనవరాలు అమ్మమ్మ పొయ్యి ముందు కూర్చుంది. పాతిక రేకులు చిరుగుతాయి. ఇరవయ్యారోది చిరగకుండా లేస్తుంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని చూపిద్దామని వెనక్కి తిరిగినప్పుడు అరుగు మీద కుర్చీలో అమ్మమ్మ ఉందా, ఆ కుర్చీ ఖాళీగా ఉందా అన్నది కథ రాసేవాళ్లు తేల్చుకోవాలి.